లోపలి గడియ ఉన్న గది

మా మేనత్త కనకవ్వకు కరీంనగర్‌లో ఇల్లుంది. ఈ ఒక్క ఆధారం మీద మా చుట్టాలందరి బతుకులూ హాయిగా వెళ్లిపోయాయి. మంథని చుట్టుపక్కల మా వాళ్లకు కోర్టు వాయిదా పడినా, కాలు విరిగినా, పెళ్లి బట్టలు కొనాలన్నా, ఏ పనీ లేక సినిమా చూడబుద్ధయినా ఒకటే మాట: "మనకేం ఫికర్, కనకవ్వ ఉన్నది గద." బస్సు దిగి, కమాన్ ద్వారం దాటి, కోర్టు వెనక సందులోకి మళ్లి, చెప్పులు విప్పి లోపలికి నడవడమే. ఆ ఇంటి తలుపు కొట్టే అలవాటు ఎవరికీ లేదు. ఆ తలుపు మూసి ఉండగా చూసినవాళ్లూ లేరు.

అత్త భర్త కైలాసం మామ కోర్టులో నకళ్లు రాసే గుమాస్తా. బహు మెత్తని మనిషి. ఆయన కచేరీ నుంచి వచ్చేసరికి ఆయన మంచం మీద ఎవరో ఒకరు గుర్రు పెడుతూ ఉండేవారు. ఆ మనిషికి మెలకువ రాకుండా దిండు కింద నుంచి తన బీడీకట్ట తీసుకుని అరుగు మీదికి వెళ్లి కూర్చునేవాడు. అత్త పొయ్యి ముందు నుంచి లేచేది కాదు. ఒక బంతి తిని లేస్తే ఇంకో బంతి కూర్చునేది. తిన్నవాళ్లు ఊరికే ఉంటారా, వంకలు కూడా పెట్టేవాళ్లు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఊరికి తిరిగి వచ్చాక రచ్చ మీద కూర్చుని, డబ్బు పోసి దిగిన హోటలు గురించి చెప్పినట్టు, కనకవ్వ ఇంటి మంచిచెడ్డలు తేల్చేవాళ్లు. కోర్టుకు దగ్గరే గానీ నీళ్లకు దూరం అనేవాడొకడు. లోపలి అర్రలో గాలి బాగా వస్తుంది గానీ పప్పులో చింతపండు ఎక్కువ అనేవాడొకడు.

అత్తకూ మామకూ పిల్లలు కలగలేదు. దాన్ని గురించి కూడా మావాళ్లు తీర్పు చెప్పేసి ఊరుకున్నారు. పిల్లలు లేకుంటేనేం, ఇంటి నిండా చుట్టాలున్నారు కదా, కనకవ్వకు పొద్దుపోవడానికి ఏం తక్కువ అని. అత్తను మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

ఇక మా ఇల్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం నాకు పెళ్లయింది. అప్పటికి మా ఇంట్లో చిన్నా పెద్దా కలిసి డజనుకు పైన ఉండేవాళ్లం. మేము అవ్వ, బాపు అని పిలిచే అమ్మానాన్నలు, నాయనమ్మ, ఇద్దరు చిన్నాయనలు, వాళ్ల భార్యలు, ఇల్లు ఇంతగా నిండక ముందు పుట్టిన వాళ్ల పిల్లలు. ఉన్నవి మూడే గదులు, మా మాటలో అర్రలు. ఒకదాంట్లో వడ్ల గుమ్మి, ఒకదాంట్లో దేవుడు, మిగిలిన దాంట్లో మనుషులు. ఏ తలుపుకూ లోపలి నుంచి గడియ లేదు. ఊరికి పోతే బయట గొలుసు తగిలించడమే తప్ప, లోపల ఉండి తలుపు బిగించుకోవడం మా బాపు దృష్టిలో తప్పు పని. వడ్రంగం చేసే వడ్లాయన ఒకసారి కొత్త తలుపుకు గడియ పెట్టబోతే బాపు వద్దన్నాడు. "లోపట గడియ పెట్టుకునేటోడు దొంగన్న కావాలె, షావుకారన్న కావాలె. మనం రెండూ కాదు," అన్నాడు. ఈ మాట ఊళ్లో చాలామందికి నచ్చింది. అందరూ అదే పాటించేవాళ్లు.

ఫలితం ఏమిటంటే, యాదవ్వకూ నాకూ పెళ్లయి మూడేళ్లయినా మేమిద్దరం కలిసి ఒక పూట నిమ్మళంగా మాట్లాడుకున్నది లేదు. ఆమె అవ్వ పక్కన పడుకునేది, నేను వాకిట్లో బాపు మంచం పక్కన. జొన్నచేను కాపలాకు మంచె మీదికి పోతే చిన్నమ్మ యాదవ్వను కాకుండా ఇంకెవరి చేతనో అంబలి పంపేది. పశువుల కొట్టంలో కలుసుకుందామంటే బర్రె మమ్మల్ని చూసి అరిచేది. ఆ బర్రెకు అంతకుముందు గొంతే లేదు. గుమ్మి ఉన్న అర్రలో ఒకసారి సాయంత్రం పూట తలుపు దగ్గరికేసి నిలబడ్డామో లేదో, నాయనమ్మ వచ్చి "తలుపు ఎందుకు దగ్గరకున్నది, పిల్లి జొచ్చిందా?" అని బార్లా తెరిచింది. యాదవ్వ చేట పట్టుకుని వడ్లు చెరుగుతున్నట్టు నటించింది. నేను పిల్లిని వెతికాను.

ఇట్లా ఉండగా అవ్వకు దిగులు పట్టుకుంది. కోడలికి కడుపు పండడం లేదని వేములవాడ రాజన్న గుడిలో కోడెను కట్టి మొక్కు చెల్లించింది. తాయెత్తులు కట్టించింది. ఏదీ పనిచేయలేదు. ఆ దేవుడైనా ఏం చేస్తాడు పాపం. చివరికి ఊళ్లోవాళ్లు యాదవ్వను చూసి చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు. నాకు ఇంకో పిల్లను చూడాలనే మాట కూడా ఎక్కడో పుట్టి, తిరిగి తిరిగి మా వాకిట్లోకి వచ్చింది. ఆ రోజు యాదవ్వ అన్నం తినలేదు. బర్రెకు కుడితి పెడుతూ అక్కడే కూర్చుని ఏడ్చింది. నాకు కోపం వచ్చి అందరి మీదా అరిచాను. అరిచి ఏం లాభం, అసలు సంగతి అవ్వకు నోరు తెరిచి ఎట్లా చెప్పను?

బాపే తేల్చాడు. కరీంనగర్ మిషన్ దవాఖానలో చూపించుకు రండి, కనకవ్వ ఇల్లు ఉండనే ఉంది అన్నాడు. ఈసారి వాళ్లు లాభం లేదంటే ఇక వేరే ఆలోచన చేద్దామని కూడా అన్నాడు. వేరే ఆలోచన అంటే ఏమిటో యాదవ్వకు తెలుసు. మంథని నుంచి పెద్దపల్లి, అక్కడి నుంచి కరీంనగర్ దాకా బస్సులో ఆమె కిటికీ బయటికే చూస్తూ కూర్చుంది.

అత్త ఇంటికి చేరేసరికి అది తిరునాళ్లలాగా ఉంది. వాయిదాకు వచ్చినవాళ్లు ఒక పక్క, పెళ్లి సామాన్లు కొన్నవాళ్లు ఒక పక్క. పొయ్యి దగ్గర మాత్రం అత్త లేదు. ఎవరో చుట్టాలావిడ చిరాకు పడుతూ వండుతోంది. కైలాసం మామ నన్ను చూసి, "మీ అత్త ఎములాడకు పోయింది, మొక్కు ఉండె," అని ఎటో చూస్తూ చెప్పాడు. కోతలయ్యాక ప్రతి ఏడూ వేములవాడ వెళుతుందట. ఆ రాత్రి యాదవ్వ ఎవరో తెలియని ఆడవాళ్ల మధ్య, నేను అరుగు మీద మామ కాళ్ల దగ్గర పడుకున్నాం.

పొద్దున్నే దవాఖానకు వెళ్లాం. డాక్టరమ్మ చూసి, ఏ లోపమూ లేదని చెప్పి పక్కగదికి పంపింది. అక్కడ నర్సు ప్రేమమ్మ ఉంది. మెదక్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల ఆడపడుచు, పెద్ద మనిషి, తెల్ల చీర, గంట కొట్టినట్టు మాట. ఆమె యాదవ్వను కూర్చోబెట్టి తిండి, నీళ్లు, నెలసరి అన్నీ అడిగింది. అడిగి అడిగి చివరికి, రాత్రి ఎక్కడ పడుకుంటావని అడిగింది. యాదవ్వ ఉన్నదున్నట్టు చెప్పింది. అత్త పక్కన అని, అంటే మా అవ్వ పక్కన. ఎండాకాలమో అంటే, అందరం వాకిట్లో అని. మరి నీ మొగుడో అంటే, మా మామ మంచం పక్కన అని, అంటే మా బాపు పక్కన.

ప్రేమమ్మ కలం కింద పెట్టింది. కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతుంటే దగ్గు వచ్చిందేమో అనుకుందట యాదవ్వ. తర్వాత నన్ను లోపలికి పిలిచింది.

"నీ భార్యకు ఏ రోగం లేదయ్యా. నీకూ లేదు. రోగం ఉన్నది మీ ఇంటికి," అంది. "మందు రాయను. నాలుగు రోజులు లోపట గడియ పెట్టుకొని ఉండే జాగ చూసుకోండ్రి. ఊరికి పోయే ముందట నాకొకసారి కనపడుండ్రి."

బయటికి వచ్చి బస్టాండు దాకా ఇద్దరం నడిచాం. అక్కడ కొళాయి పక్కన నీడలో కూర్చున్నాక యాదవ్వకు నవ్వు పుట్టింది. మొదట కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. ఆమెను చూసి నాకూ మొదలైంది. మూడేళ్లుగా గుడులూ తాయెత్తులూ తిరిగిన రోగానికి మందు ఒక ఇనుప గడియ అట. కండక్టరు ఒకాయన మమ్మల్ని చూసి, పిచ్చివాళ్లనుకున్నాడేమో, పక్కకు జరిగాడు.

గడియ ఉన్న జాగ అంటే లాడ్జి. కమాన్ దగ్గర బజారు మధ్యలో, కింద చాయ్ హోటలు, పైన గదులు ఉన్న గోదావరి లాడ్జి నేను వచ్చేటప్పుడే చూశాను. చవకది. కానీ అత్త ఇల్లుండగా లాడ్జిలో దిగడం అంటే మాటలు కాదు. ఊళ్లో సొంతవాళ్లుండగా బయట పడుకున్నాడంటే, ఆ ఇంటి ముఖాన ఉమ్మేసినట్టే లెక్క. ఇలాంటి దానికే మా చిన్నాయన బావమరిది ఇంటికి పదేళ్లు పోలేదు. అత్తకు తెలిస్తే నారాజవుతుంది. అత్తకు తెలిస్తే బాపుకు తెలుస్తుంది. బాపుకు తెలిస్తే యాదవ్వ పని అయిపోయినట్టే. ఇప్పటికే సాకు కోసం చూస్తున్న ఇల్లు అది.

యాదవ్వ పల్లీలు కొనమంది. పొట్లం ఒళ్లో పెట్టుకుని లాడ్జి మంచిచెడ్డలు తేల్చడానికి కూర్చుంది. చెడు ఒక్కొక్కటి చెప్పినప్పుడల్లా ఒక పొట్టు కింద పెట్టాలి, మంచి చెప్పినప్పుడల్లా ఒక గింజ ఆమె చేతిలో పెట్టాలి. నేను చెడుతో మొదలుపెట్టాను. మంచాల్లో నల్లులుంటాయి. తాగేవాళ్లుంటారు. ఎవరెవరో పడుకున్న పరుపులు. నీళ్ల గది అందరికీ ఒకటే. కింద హోటల్లో మిర్చి వేయిస్తే ఘాటు పైకి వస్తుంది. బజారంతా తెల్లవార్లూ గోల. మన ఊరి మనిషి ఒక్కడు చూసినా మనం వెళ్లేలోపు కబురు మంథని చేరుతుంది. పొట్టు కుప్ప పెరుగుతూ ఉంది. మంచి ఏమిటి అని అడిగింది. గడియ అన్నాను. ఇంకా అంది. ఎంత ఆలోచించినా ఇంకొకటి తోచలేదు.

ఆమె తన చేతిలో ఉన్న ఆ ఒక్క గింజనూ చూసింది. కింద ఉన్న పొట్టునూ చూసింది. గింజ నోట్లో వేసుకుని, పొట్టును కాలితో పక్కకు నెట్టి లేచింది. "నడువు," అంది. అంత అందంగా ఆమె ఎన్నడూ నాకు కనిపించలేదు. మూడేళ్లలో పట్టపగలు తీరిగ్గా చూడడం కూడా అదే మొదలు.

లాడ్జిలో గల్లాపెట్టె ముందు ముత్యం అనే గుమాస్తా కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక గోడ మీద పెద్దక్షరాలతో బోర్డు ఉంది, ఆడవాళ్లను తెచ్చేవారు వరస చెప్పవలెను అని. ఆయన మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు. నా చెవులు వేడెక్కాయి. యాదవ్వ ముఖం ఆమె ఎర్రచీర కొంగు రంగుకు వచ్చింది. ఇద్దరం చేసే తప్పు ఏమీ లేదు, అయినా దొంగల్లా నిలబడ్డాం. పెళ్లెప్పుడైంది అని అడిగాడు. మూడేళ్లు అన్నాను. పిల్లలెందరు అన్నాడు. లేరు అన్నాను. మూడేళ్లైనవాళ్లు ఇట్లా సిగ్గుపడరు బాబూ, నాకూ పెళ్లయింది అన్నాడు.

నేను కోపంతో ఏదో అనబోయాను. ఆయన నన్ను ఆపి, యాదవ్వను అడిగాడు. "నీ మొగని పేరేందమ్మా?"

అక్కడ ఇరుక్కున్నాం. మా వైపు ఆడది మొగుడి పేరు నోటితో పలకదు. పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. యాదవ్వ నా వైపు చూసింది, నేల వైపు చూసింది, తలుపు వైపు చూసింది. పేరు తెలియనట్టే ఉంది ఆమె వాలకం. చాయ్ తాగుతున్నవాళ్లు కప్పులు పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చారు. పేరే తెల్వదంటే ఇక అర్థమైపోయిందని ఒకాయన తల ఊపాడు. నేను చెప్పబోతే ముత్యం నన్ను చెప్పనివ్వడు. ఆమే చెప్పాలంటాడు.

చివరికి యాదవ్వ తల ఎత్తింది. "సముద్రం దాటి లంకకు పోయినాయన," అంది.

ముత్యం కలం పట్టుకుని అయోమయంగా చూశాడు. మెట్ల దగ్గర నుంచి ఒకాయన అంగదుడా అన్నాడు. ఇంకొకాయన అంగదుడు వెనక పోయిండు, ముందు పోయింది వేరే అన్నాడు. అక్కడే రామాయణం మీద చిన్న వాదం మొదలైంది. యాదవ్వ ఏడవబోతోందో నవ్వబోతోందో నాకు తెలియలేదు. సరిగ్గా అప్పుడు పైనుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"గా లంకకు పోయినాయన నా మేనల్లుడు హనుమండ్లు. గా పిల్ల నా బిడ్డ అసొంటిది. మంచిగ లగ్గమైనోళ్లే, పసుపుబట్టలు పెట్టింది నేనే. తాళంచెయ్యి ఇయ్యి ముత్యం."

తల ఎత్తి చూశాను. మెట్ల మీద, తలంటుకుని జుట్టు విరబోసుకుని, చేతిలో మిర్చిబజ్జీల ప్లేటుతో మా కనకవ్వత్త నిలబడి ఉంది. వేములవాడలో ఉండాల్సిన కనకవ్వత్త.

ఆమె వెనకే, ఆమె దిగిన మూలగదిలోకి వెళ్లాం. గదిలో ఒక నవారు మంచం, ఒక కూజా, బజారు మీదికి ఒక కిటికీ. అత్త తలుపు వేసి, గడియ పెట్టి, మంచం మీద కూర్చుని మా ముఖాలు చూసింది. నేను ఊరుకోలేక, "అత్తా, నువ్వు ఎములాడ పోయినవన్నడు మామ," అన్నాను.

"నువ్వు నా ఇంట్ల పండుకుంటున్నవనుకుంటుండు మీ బాపు," అంది అత్త. "లెక్క సరిపోయింది. బజ్జీ తిను."

అప్పుడు చెప్పింది. చుట్టాలు మరీ ఎక్కువయ్యే కోతల తర్వాత, ఏడాదికోసారి, వేములవాడ పేరు చెప్పి రెండు రోజులు ఈ లాడ్జిలో ఉంటుందట. గది మాట్లాడేది కైలాసం మామే. ఆయన కూడా వస్తే ఇంట్లో చుట్టాలు వెతుక్కుంటూ బయలుదేరతారని ఆయన రాడు. ఆ లాడ్జి గురించి ఆమెకు తెలియనిది లేదు. ఏ గదిలో నల్లులున్నాయి, ఏ గదిలోకి మిర్చి ఘాటు వస్తుంది, ఏ గది పక్కన దగ్గేవాడు ఉన్నాడు, అన్నీ చెప్పింది. చెడు చాలా ఉంది, ఒప్పుకుంది. మరి ఇక్కడేం చేస్తావత్తా అని అడిగాను.

"గడియ పెట్టుకుంట. పండుకుంట. మెలకువైతది. ఎవ్వలన్న పిలుస్తుండ్రేమో అని లేస్త. గడియ చూస్త. మళ్ల పండుకుంట." అట్లా అంటున్నప్పుడు ఆమె ముఖం చూస్తే, పరీక్ష పాసైన పిల్ల ముఖం గుర్తొచ్చింది నాకు.

యాదవ్వకు అత్త మీద గురి కుదిరింది. దవాఖాన సంగతి మొత్తం చెప్పింది. ప్రేమమ్మ అడిగిన ప్రశ్నలు, తన జవాబులు, ఇంటికే రోగమన్న మాట. అత్త బజ్జీ పక్కన పెట్టి నవ్వింది. మంచం కిర్రుమనేలా నవ్వింది. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, మళ్లీ చెప్పు అని మళ్లీ చెప్పించుకుని నవ్వింది. మేమూ నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"నేను గూడ దవాఖానలన్నీ తిరిగిన బిడ్డా," అంది. "ఎవ్వలు నన్ను యాడ పండుకుంటవని అడగలే."

యాదవ్వ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని, గాజులు ఒకటొకటే సవరించి, లేచి తన సంచి సర్దుకుంది. ఈ మూలగదే అన్నిట్లో మంచిది, మీరు ఉండండి, నాకింక ఇక్కడ పని లేదు, ఇంటికి పోతాను అంది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి యాదవ్వకు గడియ ఎట్లా వేయాలో చూపించింది. కొంచెం పైకెత్తి తొయ్యాలి, లేకపోతే కూర్చోదు. యాదవ్వ రెండుసార్లు వేసి తీసి నేర్చుకుంది.

ఆ నాలుగు రోజుల గురించి నేను రాయను. నల్లులు మాత్రం నిజంగానే ఉన్నాయి. ఊరికి పోయే ముందు దవాఖానకు వెళితే, ప్రేమమ్మ మా ముఖాలు చూసి, ఏమీ అడక్కుండానే పొండి పొండి అని చెయ్యి ఊపింది.

అత్త వేములవాడ నుంచి మొదటిసారి తొందరగా తిరిగొచ్చిందని చుట్టాలు ఆశ్చర్యపోయారట. వచ్చిన మర్నాడే వడ్లాయనను పిలిపించి, గాలి బాగా వచ్చే లోపలి అర్రకు గడియ పెట్టించింది. అందరి ముందూ చెప్పింది, ఇక నుంచి ఈ అర్ర కొత్తగా పెళ్లయినవాళ్లకు, వాళ్లెవరూ లేని రోజు నాకూ మా ఆయనకూ, అని. ఇంట్లో పట్టనివాళ్లకు గోదావరి లాడ్జి దారి చూపించింది. అబద్ధపు మొక్కుల పాపం పోవడానికి ఆ ఏడు మామతో కలిసి నిజంగానే వేములవాడ వెళ్లి కోడెను కట్టి వచ్చింది. చుట్టాల్లో గగ్గోలు పుట్టింది. కనకవ్వకు పొగరెక్కిందన్నారు. ఈసారి రచ్చ మీద ఆ ఇంటి మంచిచెడ్డల్లో చెడే ఎక్కువ వినిపించింది.

అందరికంటే ఎక్కువ మండిపడింది మా బాపు. ఆయనకు నిజాం కాలం నుంచీ నడుస్తున్న భూమి గెట్టు తగాదా కేసు ఒకటి ఉంది. వాయిదాకు వెళ్లినప్పుడల్లా అత్త ఇంటి లోపలి అర్రలోనే పడక. అది ఆయన హక్కు. వానాకాలం తర్వాత వాయిదా పడితే నన్ను వెంట తీసుకెళ్లాడు. అప్పటికి యాదవ్వకు ఏడో నెల. అవ్వ ఆ మహిమ రాజన్నదంది, బాపు దవాఖాన మందుదన్నాడు, మేము ఇద్దరికీ తల ఊపాం.

అత్త ఇంట్లో లోపలి అర్ర తలుపు మూసి ఉంది. కాగజ్‌నగర్ మిల్లులో పనిచేసే మామ చెల్లెలి కొడుకు, అతని కొత్త భార్య లోపల ఉన్నారట. బాపు సంచి చేతిలోనే పట్టుకుని, వాళ్లను లేపమన్నాడు. అత్త లేపనంది. అన్నా, అరుగు మీద జాగా లేదు, లాడ్జికి పో, మంచి గది ఇప్పిస్త అంది. బాపు గొంతు పెరిగింది. తోడబుట్టినదాని ఇంటికి వచ్చి పైసలిచ్చి పరాయి కొంపలో పడుకోవాలా అన్నాడు. ఇదే మాట ఊళ్లో చెబితే చెల్లె ముఖం ఎవడన్నా చూస్తాడా అన్నాడు. కైలాసం మామ అలవాటు ప్రకారం బీడీకట్ట వెతుక్కుంటున్నాడు. నేను ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

అత్త కేక వేయలేదు. చేతికంటిన పిండి కడుక్కుని వచ్చి బాపు ముందర నిలబడింది.

"నేను కాపురానికి వచ్చిన సంది గా అర్రల నువ్వే పండుకున్నవు అన్నా. నేను యాడ పండుకున్ననో నీకెరుకేనా?"

బాపు తలుపు మీద కొత్త గడియ మేకుల వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. ఆయన ముఖంలో కోపం నెమ్మదిగా దిగిపోయి, ఇంకేదో వచ్చింది. చదువురాని మనిషైనా కేసుల్లో పండిన మనిషి, ఆయనకు సాక్ష్యం ఎప్పుడు తనకు వ్యతిరేకంగా తిరిగిందో తెలుస్తుంది. సంచి భుజాన వేసుకుని, లాడ్జి ఎక్కడుందిరా అని నన్ను అడిగాడు.

ముత్యం నన్ను చూసి, లంక నుంచి ఎప్పుడొచ్చినవు అన్నాడు. బాపు వినిపించుకోలేదు. మూలగదే దొరికింది. బాపు గది మధ్య నిలబడి, వంకలు పెట్టడానికి అలవాటు కొద్దీ మంచం తట్టి చూశాడు, కూజా వంచి చూశాడు, మిర్చి ఘాటుకు రెండుసార్లు తుమ్మాడు. ఎవని కొడుకువని కూడా అడగలేదు గా గుమాస్తా, గిదేం జాగ అని సణిగాడు. తర్వాత తలుపు దగ్గరికి పోయి గడియతో తంటాలు పడ్డాడు. కొంచెం పైకెత్తి తొయ్యాలి బాపూ అన్నాను. నీకెట్ల ఎరుక అన్నట్టు చూశాడు. నేను కూజాలో నీళ్లు తాగాను.

మర్నాడు కోర్టు అయ్యాక బజారులో పనుంది, బస్సు దగ్గర ఉండమని నన్ను పంపాడు. వచ్చేటప్పుడు చేతిలో కాగితంలో చుట్టిన పొట్లం ఉంది. దారి పొడుగునా దాన్ని తొడ మీద పెట్టుకునే కూర్చున్నాడు. ఇంటికి చేరగానే కాళ్లు కూడా కడుక్కోకుండా వడ్లాయనను పిలిపించి, వడ్ల గుమ్మిని కొట్టంలోకి మార్పించి, ఆ అర్ర తలుపుకు లోపలి వైపు గడియ బిగించమన్నాడు. షావుకారువైనవా, దొంగవైనవా అని నాయనమ్మ ఎగతాళి చేసింది. బాపు పొట్లం విప్పి ఇనుప గడియను వడ్లాయన చేతిలో పెట్టాడు.

ఇల్లంతా చుట్టూ మూగి చూస్తుండగా మేకులు దిగాయి. బాపు వచ్చి గడియను ముందుకూ వెనక్కూ లాగి చూశాడు. "పని జేస్తదో లేదో సూడాలె," అని, వాకిట్లో ఉన్న మా అవ్వను పిలిచి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు మా అందరికీ వినిపించింది.

కాసేపటికి లోపలి నుంచి అవ్వ నవ్వు వినిపించింది. నాకు పాతికేళ్లు నిండాయి, అవ్వ అట్లా నవ్వడం అంతకు ముందెన్నడూ వినలేదు. చిన్నాయనలు నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. నాయనమ్మ పిల్లి కోసం చూస్తున్నదానిలా తలుపు మీద చెయ్యి వేయబోయింది. ఏడో నెల పొట్టతో యాదవ్వ గబగబా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి తీసింది.

"పోదాం పాండ్రి అందరు," అంది. "తలుపు ముందట నిలబడొద్దు."